నిచ్చెన కింద ఎవరు పట్టుకున్నరు? – మా జిల్లాకు సర్వేల కోసం వచ్చే పరిశోధకులకు బహిరంగ లేఖ

అభివృద్ధి గురించీ, పేదరికం గురించీ, దేశాల మధ్య తేడాల గురించీ పరిశోధన చేయడానికి ఉమ్మడి వరంగల్ పల్లెలకు వచ్చే సార్లకు, మేడమ్‌లకు; ఆ పరిశోధనలకు డబ్బిచ్చే సంస్థల పెద్దలకు; మా లెక్కలు ముందు పెట్టుకొని ఎక్కడెక్కడో పాఠాలు చెప్పే పంతుళ్లకు నమస్కారం.

మీలో కొందరికి నేను తెలుసు, పేరు గుర్తుండకపోవచ్చు. హన్మకొండ చౌరస్తాలో పొద్దున ఆరున్నరకు మీరు మాట్లాడిన జీపు ఎక్కే ఐదారుగురిలో నేనొకదాన్ని. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్. ఇరవై రెండేళ్ల నుంచి ఇదే పని. మొదట అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు, తర్వాత ఫోను, ఇప్పుడు ట్యాబ్. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, జనగామ వైపు నేను అరుగు మీద కూర్చోని ఊరు తక్కువ. సోషియాలజీలో ఎం.ఏ. చేశాను, అదీ ఫస్ట్ క్లాసులో. ఆ సంగతి ఎందుకు ఎత్తానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

పోయిన దసరాకు కొద్ది రోజుల ముందు పరకాల దాటాక ఒక ఊళ్లో ఒక పెద్దావిడ ముందు కూర్చున్నాను. డెబ్బై దాటిన మనిషి. చాటలో పెసర్లు చెరుగుతూనే జవాబులు చెబుతోంది. గంటన్నర గడిచింది. చివరాఖరికి ఆ ప్రశ్న వచ్చింది. మీకు తెలిసిందే, దేశదేశాల్లో అడుగుతారు: “పది మెట్ల నిచ్చెన ఒకటి ఉందనుకోండి. పై మెట్టు అన్నిటికన్నా మంచి బతుకు. అడుగున ఉన్నది అన్నిటికన్నా చెడ్డ బతుకు. మీరిప్పుడు ఎన్నో మెట్టు మీద ఉన్నారు?” హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా పరిశోధకుడు 1965లో నిలబెట్టిన నిచ్చెన అది. ఏటేటా పేపర్లో వచ్చే ‘సంతోషంగా ఉన్న దేశాల’ జాబితా దాని మీదే కడతారు.

అవ్వ చాట ఆపింది.

“నిచ్చెన కింద ఎవరు పట్టుకున్నరు బిడ్డా?”

“అట్ల కాదవ్వా. ఉత్తగ అనుకొని చెప్పాలె.”

“అనుకునుడే గని, పట్టుకునేటోడు ఒకడుండాలె గద. వాడు ఇడిసిపెడితే నేను ఎన్నో మెట్టు మీదుంటే ఏంది?”

వేదాంతం చెప్పిందనుకునేరు. ఆమె చిన్న కొడుకు హైదరాబాద్‌లో పెయింటింగ్ పనికి పోయేవాడు. బయటి గోడకు రంగు వేస్తుంటే కింద నిచ్చెన పట్టుకున్నవాడు ఫోను మాట్లాడుకుంటూ పక్కకు జరిగాడట. కొడుకు నడుము విరిగి లోపలి అర్రలో మంచం మీద ఉన్నాడు. మేం మాట్లాడుకున్నంతసేపూ దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆమెకు నిచ్చెన అనగానే మెట్లు గుర్తుకు రాలేదు, కింది చేతులు గుర్తుకొచ్చాయి. మీ ట్యాబ్‌లో సున్నా నుంచి పది దాకా అంకెలున్నాయి, వాటి కింద 99 ఉంది. 99 అంటే ‘తెలియదు, చెప్పలేదు’. నేను 99 నొక్కాను.

రాత్రి సూపర్‌వైజర్ తమ్ముడు ఫోను చేశాడు. “అక్కా, నిచ్చెన కాడ 99లు పెడితే పైనోళ్లు ఊకుంటలేరు, డేటా ఖరాబైతదట. జర చూడు.” అప్పుడే పళ్లెం ముందు కూర్చున్నాను. ఎడమ చేత్తో ట్యాబ్ దగ్గరికి లాక్కొని 99 కొట్టేసి 4 పెట్టాను. మీ పట్టికలో మా వైపు సగటు తృప్తి అంటూ ఏదో దశాంశం తేలి ఉంటుంది. అందులో ఆ 4 అవ్వది కాదు, నాది.

తప్పు ఒప్పుకున్నాను కాబట్టి ఇక మీతో పేచీ పెట్టుకునే హక్కు వచ్చిందనుకుంటాను.

నిచ్చెన సంగతి నాకు ఎం.ఏ.లోనే తెలుసు. మొదటి పేపర్లో రోస్టో అనే అమెరికా ఆర్థికవేత్త పాఠం. ప్రతి దేశమూ ఐదు దశలు దాటాలన్నాడు 1960లో. సంప్రదాయ సమాజంతో మొదలై, విమానంలా ఒక చోట గాల్లోకి లేచి, చివరికి అందరూ అన్నీ కొనుక్కునే దశకు చేరాలి. ముందు చేరినవాళ్లు అభివృద్ధి చెందిన దేశాలు, దారిలో ఉన్నవాళ్లు అభివృద్ధి చెందుతున్న దేశాలు. నేను ఆ పాఠం చదివి ఇంటికి వచ్చేసరికి మా నాన్న గడప మీద కూర్చొని బీడీ కాలుస్తూ ఉండేవాడు. ఆయనది ఆజంజాహి మిల్లులో మగ్గం ఖాతా. 1934లో పెట్టిన మిల్లు. మా ఇంట్లో గడియారం కంటే మిల్లు కూతే ముందు లేపేది. అంతకు ముందు సంగతి చెప్పాలంటే, 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు పోయాయి. తివాచీలు నేసిన ఊరు, పత్తి వడికి బట్ట నేసిన ఊరు, మిల్లు మూసేశాక పత్తిని బేళ్లు కట్టి బయటికి పంపే ఊరైంది. నేసే చేతులు భీవండికి, సూరత్‌కు, షోలాపూర్‌కు పోయాయి. ఇది ఏ దశ? రోస్టో మెట్లలో దిగడం అన్న మాటే లేదు. పరీక్షలో మాత్రం ఐదు దశలూ వరసగా రాశాను, పద్నాలుగు మార్కులొచ్చాయి.

‘వెనుకబాటు’ అనే మాట ప్రపంచ రాజకీయాల్లో ఊరేగడం 1949 జనవరి 20న మొదలైందని చెబుతారు. ఆ రోజు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రమాణ స్వీకార ప్రసంగంలో వెనుకబడిన ప్రాంతాలకు తమ శాస్త్రాన్నీ నైపుణ్యాన్నీ అందిస్తామన్నాడు. ఆనాటికి హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసి నాలుగు నెలలు. మా తాతల ఊళ్లలో వెట్టి మీద, దొర భూముల మీద కొట్లాట ఇంకా ఆగలేదు. వాళ్లెవరూ మేం వెనుకబడి ఉన్నాం, మమ్మల్ని ముందుకు తోయండి అనలేదు. మా చెమట ఎవరి గరిసెలోకి పోతోందో మాకు తెలుసు, అది ఆపండి అన్నారు. 1966లో ఆంద్రే గుండర్ ఫ్రాంక్ అనే ఆర్థికవేత్త ఇంచుమించు అదే మాట లాటిన్ అమెరికా గురించి రాస్తే అది సిద్ధాంతమైంది. మా సిలబస్‌లో ఫ్రాంక్ రెండో యూనిట్, ఆప్షన్‌లో వదిలేసేవాళ్లం.

ఇప్పుడు మీ ప్రశ్నాపత్రానికొస్తాను. ఎనుమాముల సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

2025 నవంబరులో మీలో ఒకరి సర్వే మీద ఎనుమాముల మార్కెట్‌కు పోయాను. తెల్లారి ఆరింటికే బస్తాల మీద బస్తాలు. అక్టోబరు చివర మొంథా తుపాను వానకు చేల మీద పత్తి తడిసి నల్లబడింది. రోడ్ల మీద, ఇళ్ల ముందు, బడి ఆవరణలో టార్పాలిన్లు పరిచి ఆరబెట్టినా మంచుకు మళ్లీ చెమ్మ పడుతుంది. సంగెం వైపు నుంచి వచ్చిన ఒక రైతును పట్టుకొని కూర్చున్నాను. నాకంటే చిన్నవాడు. కౌలుకు నాలుగెకరాలు. 2025–26 పంటకు ప్రభుత్వ మద్దతు ధర పొడుగు పింజకు క్వింటాలు రూ. 8,110. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ (సీసీఐ) వాళ్లు తేమ 8 శాతం ఉంటే ఆ ధర పూర్తిగా ఇస్తారు. ఎక్కువైన కొద్దీ కోస్తారు. 12 దాటితే కొనరు. ముందు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు పెట్టుకోవాలి, ఆ యాప్‌లో భూమి యజమాని పేరుంటుంది, కౌలు చేసేవాడి పేరు ఎక్కించుకోవడం ఒక పెద్ద తంటా. ఈయన పత్తిలో మిషన్ పెడితే 18 చూపించింది. ఖరీదుదారు చెయ్యి లోపలికి దూర్చి ఒక పిడికెడు తీసి వాసన చూసి, ఆరు వేల రెండు వందలన్నాడు. విత్తనాలకు, పిండి బస్తాలకు (ఎరువులకు) పెట్టుబడి ఇచ్చింది, ఇప్పుడు ఎవరి దుకాణం ముందు బస్తాలు దించాడో ఆ అడ్తి షావుకారే. పైసలకు నూటికి రెండు మిత్తి. బస్తాలు ఇంకో దుకాణం ముందు దించే వీలు లేదు. దడ్వాయి కాంటా పెట్టాడు, హమాలీ బస్తా లేపాడు, అయిపోయింది.

మీ ప్రశ్న: పంటను మంచి ధరకు అమ్ముకోలేకపోవడానికి కారణం? ఒకటి, మార్కెట్ సమాచారం తెలియకపోవడం. రెండు, నిల్వ వసతి లేకపోవడం. మూడు, డబ్బు అత్యవసరం కావడం. నాలుగు, నాణ్యత లేకపోవడం. ఐదు, ఇతరములు.

ఆయన నవ్వాడు. “సమాచారం ఎందుకు తెల్వదక్కా? న్యూయార్క్‌ల దూది ధర పొద్దుగాలనే వాట్సాప్‌ల పడ్తది. తెలిస్తే ఏం చేస్తా?”

జేబులోంచి ఫోను తీసి చూపించాడు కూడా. సెంట్లలో ఉన్న అంకె. నిరుటి కంటే తక్కువ.

మీరిచ్చిన నాలుగు జవాబుల్లోనూ తప్పు రైతుదే, లేకుంటే రైతు ఊరిదే. తెలియకపోవడం ఆయన తెలివితక్కువ, నిల్వ లేకపోవడం ఆ ఊరి లేమి, అవసరం ఆయన ఇంటి గొడవ, నాణ్యత ఆయన చేతి తప్పు. ధర అనేది ఇద్దరి మధ్య జరిగేది. రెండో మనిషి మీ ఫారంలో ఎక్కడా లేడు. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీలు ప్రపంచ ధరను పడగొడుతున్నాయని 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. సబ్సిడీలు పూర్తిగా ఎత్తేసే బదులు అమెరికా బ్రెజిల్‌కు డబ్బు కడుతూ వచ్చి, 2014లో 30 కోట్ల డాలర్లతో ఆ వ్యవహారం ముగించింది. 2003లో అదే మాట బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి కలిసి అడిగాయి. నాలుగూ పత్తి మీద బతికే బీద దేశాలు. దేశం లోపల ఇచ్చుకునే సబ్సిడీల మీద వాటికి ఇప్పటికీ ఒప్పందం దొరకలేదు. మాలిలో నాలాగే ఫారం నింపే మనిషి ఎవరో ఉండే ఉంటారు. ఆ ఫారంలో కూడా ‘మార్కెట్ సమాచారం తెలియకపోవడం’ ఒకటో నంబరే అయి ఉంటుందని నాకు గట్టి అనుమానం.

ఇక మన ఇంటి సంగతి. 2025 ఆగస్టు 19 నుంచి ఢిల్లీ ప్రభుత్వం దిగుమతి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం తీసేసింది. ముందు సెప్టెంబరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. కొత్త పత్తి ఎనుమాములకు వచ్చే నెలలన్నీ అందులో పడ్డాయి. అదే ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది; తిరుప్పూరు కుట్టు మిషన్ల ముందు కూర్చునే ఆడపిల్లల పని పోకుండా చవక పత్తి కావాలన్నారు మిల్లులవాళ్లు. అదీ అబద్ధం కాదు. ఒక బీదదాని కూలి నిలబడాలంటే ఇంకో బీదవాడి పంట చవక కావాలన్న లెక్క వాషింగ్టన్‌లోనో ఢిల్లీలోనో తేలితే, సంగెం రైతు ముందు కూర్చొని నేను ‘మూడు’ నొక్కాలి. నొక్కాను. ‘ఇతరములు’ నొక్కితే వివరం ఇంగ్లీషులో టైపు చేయాలి, యాభై అక్షరాలు దాటకూడదు.

మంచి జరిగిన ఉదాహరణ కూడా ఒకటి చెబుతాను, ఏడుపు ఒక్కటే అనుకోకుండా. బీటీ పత్తి వచ్చిన కొత్తలో 450 గ్రాముల ప్యాకెట్టు రూ. 1,600 పైన పలికేది. అందులో పెద్ద వాటా జన్యువు మీద మోన్‌శాంటోకు పోయే రుసుము. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్ ముందుకు పోయి పోరాడింది. 2006లో ప్యాకెట్టు ధర రూ. 750కి దిగింది. ఆ ఏడు రైతులకు కొత్తగా చదువు రాలేదు, నైపుణ్యం పెరగలేదు, గోదాములు లేవలేదు. రుసుము వసూలు చేసేవాడి చెయ్యి ఒకరు పట్టుకున్నారు, అంతే. 1997–98 పంట కాలంలో లద్దెపురుగు పడి ఈ జిల్లాలో పత్తి రైతులు పురుగుమందు తాగి పోతే మీ ముందు తరం పరిశోధకులు చాలామంది వచ్చారు. చనిపోయినవాడికి తాగుడు అలవాటుందా, ఇంట్లో గొడవలున్నాయా అని వితంతువులను అడిగిన ఫారాలు నేను చూశాను. విత్తన కంపెనీ మేనేజరును ఏం అడిగారో చూపించే ఫారం నాకు ఇంతవరకు కంటపడలేదు.

పేదరికం గీత గురించి ఎక్కువ చెప్పను, మీకే బాగా తెలుసు. ప్రపంచ బ్యాంకు గీత 1990లో రోజుకు ఒక డాలరు, తర్వాత 1.25, 1.90, 2.15, 2025 జూన్ నుంచి 3 డాలర్లు. ఈ డాలరు బ్యాంకులో మార్చే డాలరు కాదని, ఇక్కడి ధరలతో సరిచూసిన డాలరని, ఆ లెక్కన పాతిక రూపాయలు కూడా చేయదని చెబితే మా సంఘం ఆడవాళ్లు నమ్మరు. “దుబాయి నుంచి మా ఆయన పంపేటప్పుడు గా రేటు ఎందుకుండదు?” అని అడిగింది ఒకామె. ఆమె అడిగింది కొనుగోలు శక్తి సామ్యం (అదే, ధరలతో సరిచూసే ఆ డాలరు లెక్క) మీద నేను విన్న అన్నిటికన్నా మంచి ప్రశ్న. జవాబు మాత్రం నా దగ్గర లేదు.

గీత కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆస్తుల పట్టిక. 2010 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు కలిసి కడుతున్న బహుముఖ పేదరిక సూచీలో పది అంశాలున్నాయి. ఆస్తి అందులో ఒకటి. టీవీ, ఫోను, సైకిలు, మోటారు సైకిలు, ఫ్రిజ్ లాంటి వాటిలో ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఆ అంశంలో లేమి లేనట్టే. నర్సంపేట వైపు ఒక కాలనీలో ఇలా జరిగింది. రేకుల ఇల్లు. పిల్లవాడు మెకానిక్ పనికి పోవడానికి ఫైనాన్స్‌లో బండి తీసుకున్నాడు. ఫోను ఇంకో ఫైనాన్స్‌లో. కొత్త కోడలితో ఫ్రిజ్ వచ్చింది, దాని కిస్తీ వియ్యంకుడు కడుతున్నాడు. నేను మూడు టిక్కులు పెట్టాను. మూడో రోజు అదే వీధిలో పని ముగించుకొని వస్తుంటే ఫైనాన్స్‌వాళ్ల సీజింగ్ పోరగాళ్లు కిస్తీ కట్టలేదని బండి తోసుకుపోతున్నారు, పిల్లవాడు వెనకాల చెప్పులు లేకుండా పరుగెత్తుతున్నాడు. నా ట్యాబ్‌లో ఆ బండి ఇంకా ఆ ఇంటి ముందే ఉంది. పది అంశాల్లో అప్పు అన్న గడి లేదు. ఇది మీకు తట్టలేదంటే నమ్మలేను. వారం లోన్ల కాలంలో మీరందరూ ఇక్కడే ఉన్నారు. 2006లో బీద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చిన బంగ్లాదేశ్ యూనస్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చాక మా వైపు ప్రతి వాడకూ లోను సార్లు వచ్చారు. వాయిదాలు నూటికి దాదాపు నూరు కట్టేస్తున్నారని మెచ్చుకుంటూ రాశారు. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకున్నారన్నది ఆడవాళ్లందరికీ తెలుసు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా అది మీ పట్టికలకు ఎక్కలేదు.

మీ పద్ధతుల్లో ఒకదాని గురించి నవ్వొచ్చే సంగతి. ఊళ్లను లాటరీ తీసి సగం ఊళ్లకు ఏదో ఇచ్చి, సగానికి ఇవ్వకుండా తేడా చూస్తారు కదా. 2019లో నోబెల్ వచ్చిన పద్ధతి. దాని వల్ల తేలిన మేలు కాదనను. హైదరాబాద్‌లో 104 బస్తీలను అలా విడదీసి చూసినందుకే చిన్న అప్పులతో బతుకులు మారిపోవని తేలింది. మేం పని చేసిన ఒకదానిలో పక్క ఊరికి కోళ్లు ఇచ్చారు, ఈ ఊరికి ఇవ్వలేదు. ఎందుకని అడిగితే సారు, “ఇది కంట్రోల్ ఊరు” అన్నాడు. మా వైపు కంట్రోల్ అంటే రేషన్ దుకాణం. కంట్రోల్ బియ్యం, కంట్రోల్ చక్కెర. వారం పాటు ఊరంతా కోళ్లు కూడా కంట్రోల్‌లో ఇస్తారనుకొని కార్డులు పట్టుకొని డీలరు ఇంటికి తిరిగారు. డీలరు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ ఊరివాళ్లు రెండేళ్లు మీకు జవాబులిచ్చారు. చివరికి వాళ్లకు ఒక ఉక్కు గ్లాసు దక్కింది.

వాళ్లు మీకు నిజం చెప్పారా అంటే, కొంత చెప్పారు. సర్వే అంటే ఏదో పథకం వస్తుందనో, ఉన్న కార్డు ఊడుతుందనో అనుకోని ఇల్లు లేదు. 2014 ఆగస్టు 19న రాష్ట్రం మొత్తం ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు బొంబాయి, భీవండి, సూరత్ నుంచి బస్సుల మీద కూర్చొని వచ్చారు జనం, ఆ రోజు ఇంట్లో లేకపోతే లెక్కలోంచి పోతామని. అలాంటి భయం ఉన్నవాళ్లు ఆదాయం ఎంతంటే తక్కువే చెబుతారు. అది మోసం అని నేననుకోను. అడిగేవాడి చేతిలో ఏముందో తెలియనప్పుడు చెప్పేవాడు తన చెయ్యి మూసుకుంటాడు.

ఇప్పుడు నా సొంత గోల, క్షమించండి. నాకు ఒక ఫారానికి రూ. 250. రోజుకు నాలుగు చేస్తే గొప్ప. నాలుగేళ్ల కింద నేను తిరిగిన ఒక ఊరి మీద వ్యాసం ఒక విదేశీ పత్రికలో వచ్చిందని తెలిసి నెట్‌లో వెతికాను. ఊరి పేరు ‘బి గ్రామం’ అని మార్చారు, అది మంచిదే. చదవాలంటే 40 డాలర్లకు పైగా కట్టమంది. బ్యాంకు రేటు డాలర్లు. పదమూడు పద్నాలుగు ఇళ్ల గంటన్నరల కూలి. కట్టలేదు. ఊరికే కనబడే మొదటి పేరా మాత్రం చదివాను. ‘స్థానిక క్షేత్ర బృందం’ అని ఒక ముక్క ఉంటుందేమోనని చూశాను, ఆ పేరాలో లేదు.

ఏ దేశంలో పుట్టాడు, ఆ దేశంలో ఆదాయాలు ఎలా పంచుకున్నారు అన్న రెండు సంగతులతోనే ప్రపంచంలో మనుషుల ఆదాయాల తేడాలో సగానికి పైగా అర్థమవుతుందని మిలనోవిచ్ అనే ఆర్థికవేత్త లెక్క కట్టాడు. ఆ లెక్కను మీరు క్లాసులో చెబుతారు. మీరూ నేనూ ఒకే జీపులో, ఒకే ఎండలో, ఒకే ప్రశ్నలతో తిరిగిన పూట అది ఎలా ఉంటుందో కూడా చెప్పండి. మనిద్దరి చదువూ ఒకటే. పాస్‌పోర్టులు వేరు.

అందరూ ఒకేలా ఉంటారనను. ఆసిఫాబాద్ జిల్లా జైనూరు దగ్గర మార్లవాయి అనే గోండు గూడెం ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమును చంపాక, గోండుల అసంతృప్తి ఎందుకో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ను పంపింది. ఆస్ట్రియా మనిషి. అంటే ఆయన కూడా సర్కారు మనిషిగానే వచ్చాడు, అది మరిచిపోకూడదు. కానీ భార్య బెట్టితో పాటు అక్కడే గుడిసె వేసుకొని ఉన్నాడు. గోండీలో పాఠాలు చెప్పే బడి పెట్టించాడు. పట్టాలు ఇప్పించే పనిలో పడ్డాడు. దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి, ఆ భూములు ఎలా గిరిజనేతరుల చేతుల్లోకి పోయాయో కూడా రాశాడు. బెట్టి 1987లో చనిపోతే ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన సమాధి కూడా పక్కనే ఉంది. ఏటా జనవరి 11న గోండులు అక్కడ పూజ చేస్తారు. నేను ఒకసారి వేరే సర్వే మీద పోయినప్పుడు చూశాను. మిమ్మల్ని ఇక్కడే సమాధి కమ్మని అడగడం లేదు, భయపడకండి. ఇంకోసారి రమ్మంటున్నాను. చేసిన పని పట్టుకొని.

రాసినదాన్ని పది పేజీల తెలుగులో తెచ్చి, గ్రామ పంచాయతీ ముందు సాయంత్రం ఏడింటికి కూర్చొని చదవండి. కూలికి పోయి వచ్చే టైము అది. ఎవరైనా లేచి “గిది అబద్ధం” అంటే నోట్సులో రాసుకోండి. గంటన్నర కూర్చోబెట్టుకున్న ప్రతి మనిషికీ ఆ పూట కూలి లెక్కకట్టి ఇవ్వండి. డబ్బిస్తే జవాబులు పాడవుతాయంటారు గానీ, జనవరిలో పత్తి ఏరే మనిషికి గంటన్నర అంటే కొన్ని కిలోల పత్తి, కిలోకు ఇంత అని ఆమెకు తెలుసు. అసలు పత్తి తీసే రోజుల్లో రాకండి, ఉగాది దాటాక రండి. ఊళ్లో దిగగానే సర్పంచ్ ఇంటి ముందు జీపు ఆపొద్దు. అక్కడ ఛాయి తాగి కాలనీకి పోతే కాలనీవాళ్లు మీకు ఏం చెప్పాలో అప్పటికే నిర్ణయమైపోతుంది. ఇది చదువుకున్నవాళ్లకు నేను చెప్పాల్సిన విషయం కాదు, కానీ ప్రతిసారీ చెబుతున్నాను.

ముఖ్యమైనది ఇంకొకటి. నా ట్యాబ్‌లో పై వాళ్లను అడిగే ఫారం కూడా ఒకటి వేయండి. అడ్తి షావుకారు ఎంత మిత్తికి తెచ్చి ఎంత మిత్తికి ఇస్తున్నాడు. జిన్నింగ్ మిల్లు దూది ఎవరికి అమ్మింది. బండి ఫైనాన్సు కంపెనీలో వాటాలెవరివి. సుంకం ఎత్తేయమని ఢిల్లీకి ఎవరు పోయారు. పైపై దేశాల్లో పత్తి సబ్సిడీ చెక్కు ఎంత పెద్ద కమతానికి వెళ్తోంది. వాళ్లు జవాబు చెప్పరంటారా? మొదటి రోజు మా అవ్వలు కూడా చెప్పలేదు. నాలుగుసార్లు పోవాలి, అరుగు మీద కూర్చోవాలి, నీళ్లడగాలి. అది నాకు వచ్చు. పంపించండి, పోతాను.

కొత్త ఫారం పైలట్ ఉగాది తర్వాత ఉందని తమ్ముడు చెప్పాడు. నిచ్చెన ప్రశ్న తీసేయరని తెలుసు, దేశదేశాలతో పోల్చుకోవాలి కదా. 99 పక్కన మాత్రం ఒక ఖాళీ గీత పెట్టండి. తెలుగు అక్షరాలు పడేలా, యాభై దాటినా ఆగిపోకుండా. పరకాల వైపు మళ్లీ పోవాలి, అవ్వ దగ్గర ఆ 4 కొట్టేసి ఆమె చెప్పింది రాసుకోవాలి.

ఇట్లు,
మీ జీపులో వెనక సీటు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్,
హన్మకొండ.